వీలాక్ గారి పానకం

పెట్టె గీసి మరీ అచ్చేశారు. "ఇల్లాళ్ళకు పనికొచ్చేవి" అన్న శీర్షిక కింద, ఉన్నిబట్టల మీద జిడ్డు మరక పోగొట్టే చిట్కాకీ, దోసకాయలు ఉప్పునీళ్ళలో ఊరేసే పద్ధతికీ నడుమ, పసిపాపల పానకం తయారుచేసే విధానం. నల్లమందు అరకు ఇంత, బ్రాందీ ఇంత, సోంపు ఇంత, తియ్యటి పాకం ఇంత. అన్నీ కలిపి కాచి, చల్లార్చి, నిద్రపోని పిల్లలకు చెంచాతో పట్టవలెను. అడుగున కాస్త పెద్ద అక్షరాల్లో, డాక్టర్ ఆసా వీలాక్.

ఆసా వీలాక్ అచ్చాఫీసు గుమ్మంలో నిలబడి అది చదివాడు. కింది లోయలో జ్వరాలు తగిలిన ఊళ్ళన్నీ తిరిగి, ఆ పొద్దునే గుర్రం మీద వచ్చాడు. ఇంటికి కూడా పోకుండా తన వైద్య పత్రిక కొత్త సంచిక ఎంతవరకు వచ్చిందో చూసుకుందామని ఇటు దిగాడు. తలుపుకి మేకు కొట్టి వేలాడదీసిన కిందటి వారం పేపర్లో తన పేరు కనబడితే ముందు సంతోషమే కలిగింది. చదవడం పూర్తవగానే పేపర్ని మేకు నుంచి పీకి లోపలికి నడిచాడు.

"క్రోవెల్! ఏం పని చేశావయ్యా ఇది?"

జెబైనా క్రోవెల్ ఆ ఊళ్ళో అచ్చుపని చేసేవాడు. వారపత్రిక అతని సొంతం. ఆసా నెలనెలా తెచ్చే వైద్య పత్రికను అచ్చు కొట్టేదీ అతనే. సిరా చేతులు గుడ్డకి తుడుచుకుంటూ నవ్వుమొహంతో వచ్చాడు.

"ఏం డాక్టర్ గారూ, పేరు ఇంకా పెద్దగా వెయ్యాల్సిందంటారా?"

"నా వ్యాసం ఏదీ? ఇది విషమని రాశాను. పిల్లల్ని చంపుతోందని రాశాను. అదంతా ఏమైంది?"

"మీ పత్రికలో ఉందిగా, ఒక్క ముక్క పోకుండా! నా పేపర్లో ఆఖరి కాలమ్ అడుగున అరచెయ్యంత జాగా మిగిలిపోయింది. మీ వ్యాసానికి కూర్చిన అచ్చు ఇంకా విప్పలేదు. అందులోంచి సరిగ్గా పట్టే ముక్క ఎత్తి ఇక్కడ పెట్టాను. మళ్ళీ కూర్చే చాకిరీ తప్పింది."

"ఉన్నదాంట్లో ఆ ముక్కే దొరికిందా నీకు?"

"మరి తిట్లు వెయ్యమంటారా? మిగతాదంతా ఆ సీసా పానకం అమ్మే బాస్కమ్ మనుషుల్ని ఉతికి ఆరెయ్యడమేగా. ఆడవాళ్ళకి తిట్లెందుకండీ, చేసుకునే పద్ధతి కావాలిగానీ." క్రోవెల్‌కి తాను చేసిన మంచిపని ఎదుటివాడికి అర్థం కావడం లేదన్న బాధ తప్ప మరేం లేదు. "ఎంత పేరొచ్చిందో తెలుసా మీకు? నా పేపర్ పై ఊళ్ళ పేపర్లవాళ్ళకి ఊరికే పోతుంది, వాళ్ళది నాకు ఊరికే వస్తుంది, ఎవరికి నచ్చింది వాళ్ళు కోసుకుంటాం. ఇప్పటికే ఇద్దరు ఎత్తి వేసుకున్నారు. 'వీలాక్ గారి పానకం' అని పేరు కూడా పెట్టేశారు."

ఆసా చేతిలోని పేపర్ వైపే చూస్తున్నాడు. క్రోవెల్ అది సంతోషమే అనుకున్నాడు కాబోలు, ఇంకాస్త దగ్గరికి వచ్చాడు.

"మీ అక్కగారైతే వచ్చి ఇంకో కాపీ అడిగి పట్టుకెళ్ళారు. ఏం మురిసిపోయారనుకున్నారు! పాపకి పళ్ళొస్తున్నాయటగా, రాత్రీ పగలూ ఒకటే ఏడుపట. 'ఇన్నాళ్ళకి మా తమ్ముడు నాక్కూడా అర్థమయ్యేది ఒకటి రాశాడయ్యా' అన్నారు."

"ఎప్పుడు వచ్చింది?"

"మొన్న. కాదు, అటు మొన్న. అదేంటండీ, కూర్చోరా? కొత్త ప్రూఫులున్నాయి..."

ఆసా అప్పటికే మెట్లు దిగి గుర్రం ఎక్కుతున్నాడు.

అక్క ఇల్లు కొండ మీద. మంచు కరిగే రోజులు కావడంతో దారి పొడుగునా బురద. బళ్ళు దిగబడిన గాడుల్లో నీళ్ళు నిలిచి, ఏది గట్టో ఏది గుంటో తెలియడం లేదు. మామూలప్పుడైతే ఆ దారిన గుర్రాన్ని నడిపించుకుంటూ పోయేవాడు. ఇప్పుడు డొక్కలో తన్ని పరుగెత్తించాడు. దేవుడా, కాచి ఉండకూడదు. నల్లమందు అరకు దొరికి ఉండకూడదు. అక్కకి తీరిక దొరికి ఉండకూడదు. అతను ప్రార్థన చేసి చాలా కాలమైంది. చేసేటప్పుడు కూడా అక్కకి తీరిక అన్నది ఎలాగైనా దొరుకుతుందని తెలుసు.

ఆ పానకం మీద అతనికున్నది మామూలు పగ కాదు. నీలం సీసా, సీసా మీద ఊయల ఊపుతున్న ముసలమ్మ బొమ్మ, బొమ్మ కింద 'మదర్ బాస్కమ్ పసిపాపల పానకం'. అలాంటి ముసలమ్మ ఎక్కడా లేదు. నది దిగువన ఓ పాత సారా బట్టీలో నలుగురు మగవాళ్ళు కాచి పోసే సరుకు అది. లోయలో ఆ సీసా లేని ఇల్లు లేదు. అది తాగి పడుకుని మళ్ళీ లేవని పిల్లల కళ్ళు అతనే మూశాడు. తల్లులు పళ్ళొచ్చే జబ్బన్నారు, దేవుడి దయ లేదన్నారు. సీసాని మాత్రం ఒక్కరూ అనుమానించలేదు.

బట్టీలో పోట్లాడి బయటికొచ్చిన పనివాడొకడు చెబితే పాళ్ళన్నీ తెలిశాయి. వాళ్ళ బలమంతా గుట్టులోనే ఉంది, గుట్టు రట్టు చేస్తే ఆ వ్యాపారం అక్కడికక్కడే చస్తుందనుకున్నాడు ఆసా. లోపలున్నదేమిటో తెలిస్తే ఏ తల్లయినా చీదరించుకుని సీసాని గిరాటేస్తుందనుకున్నాడు. పట్నంలో వైద్యం చదివొచ్చిన బుర్రలు అలాగే అనుకుంటాయి. కానీ అతను పుట్టింది ఈ కొండల్లోనే. ఇక్కడి ఆడవాళ్ళు సబ్బు, కొవ్వొత్తి, కాలిన పుండుకి లేపనం, ఉన్నికి రంగు, అన్నీ ఇంట్లోనే చేసుకుంటారు. కొట్లో కొనే సరుకులో ఉన్నది ఫలానా ఫలానావే అని చెబితే చీదరించుకోరు. "ఓస్, ఇంతేనా!" అని చేతులు పైకి మడిచి పొయ్యి రాజేస్తారు. ఇది అతనికి తెలియని సంగతేం కాదు. తెలిసినదాన్ని లెక్కచెయ్యకపోవడం అతను పట్నంలో నేర్చుకొచ్చిన విద్య.

ఇంకొకటి కూడా ఉంది. అది గుర్తొచ్చి అతను గుర్రం మీదే మూలిగాడు. ఆ బట్టీవాళ్ళు తమ విధానంలో రాసుకున్నంత నల్లమందు సీసాలో పొయ్యరు. నల్లమందు ఖరీదని సగం తగ్గించి, నీళ్ళు కలిపి అమ్ముతారు. "దొంగసరుకులోనూ దొంగతనమే" అని వ్యాసంలో వెక్కిరించి, ఆ వాక్యం బాగా కుదిరిందని తనలో తాను నవ్వుకున్నాడు కూడా. ఆ కక్కుర్తి వల్లే ఇన్నాళ్ళూ చాలామంది పిల్లలు బతికి బట్టకట్టారు. ఇప్పుడు అచ్చులో చూసి కాచుకునే తల్లులెవరూ కక్కుర్తి పడరు. పిల్లల మందు కదా అని పాళ్ళు సరిగ్గా చూసుకుని, ఒక చుక్క తగ్గకుండా పోస్తారు.

వాగు దాటాక గుర్రం మోకాళ్ళ దాకా దిగబడిపోయింది. ఆసా దిగి లాగాడు, అదిలించాడు, బతిమాలాడు. అది కదల్లేదు. సంచీ తీసుకుని, టోపీ ఎక్కడ పడిందో చూసుకోకుండా, మిగిలిన కొండ కాళ్ళతోనే ఎక్కాడు.

లొవీసా పెరట్లోనే ఉంది. మేపుల్ చెట్ల నుంచి తీసిన తీపినీళ్ళు పెద్ద గంగాళంలో కాగుతున్నాయి, చుట్టూ ఆవిరి. ఆమె ఆసా కన్నా చాలా పెద్దది. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది. ఇద్దరు పిల్లలు పుట్టగానే పోయి, ఇక లేరనుకున్న వయసులో ఫీబీ పుట్టింది. మొగుడు జెరెడ్ దుంగలు దించడానికి నది మీదకి పోయి ఇంకా రాలేదు. తమ్ముణ్ణి చూసి ఆమె మొహం విప్పారింది, వెంటనే చెయ్యెత్తి ఆపింది.

"ఒరేయ్, మెల్లగా! పాప పడుకుంది. ఏంట్రా ఆ అవతారం? పందిలా పొర్లావా ఏంటి బురదలో?"

"పట్టావా అక్కా? ఆ పానకం పట్టావా?"

"పట్టాను. ఎంత హాయిగా పడుకుందనుకున్నావ్! నిన్న సాయంత్రం కాస్త, పొద్దున పాలు పిండటానికి పోయేముందు ఇంకాస్త. అప్పట్నుంచి కిక్కురుమనలేదు, నా తల్లి. నీ చేతి చలవే..."

ఆమెను తోసుకుని అతను లోపలికి పరుగెత్తాడు.

పొయ్యి పక్కన ఊయలలో ఫీబీ మొహం తెల్లగా, పెదాలు నీలంగా ఉన్నాయి. రెప్ప ఎత్తి చూశాడు. కంటిపాప సూదిమొనంత ఉంది. ఊపిరి ఉంది. ఒకటి వచ్చాక ఇంకొకటి వస్తుందో రాదో అన్నంత ఆలస్యంగా ఉంది. అతను పాపని ఎత్తి పాదాల మీద చరిచాడు, వీపు రుద్దాడు, పేరు పెట్టి అరిచాడు. తల అటూ ఇటూ వేలాడింది.

"ఏంట్రా అలా కొడుతున్నావ్? నీకేమైనా పిచ్చా? ఇప్పుడే పడుకుందని చెబుతుంటే!"

"అక్కా, ఇది నిద్ర కాదు. చల్లనీళ్ళు తే. కాఫీ పెట్టు, నల్లగా, చిక్కగా. తొందరగా! జాడీ ఏదీ, ఆ పానకం ఏదీ?"

లొవీసా అతని మొహం చూసింది, ఇంకేం అడగలేదు. నీళ్ళు తెచ్చింది, కాఫీ ఎక్కించింది, అలమరలోంచి జాడీ తెచ్చి ముందు పెట్టింది. ఆసా చెంచా ముంచి ఎత్తాడు. నల్లగా, జిగురుగా, చెంచా నుంచి కిందికి జారడానికే మొరాయించింది.

"ఎంతసేపు కాచావు దీన్ని?"

"ఎంతసేపంటే? పాకం వచ్చేదాకా. గరిటె మీంచి రేకులా దిగేదాకా కాచాను, మేపుల్ పాకం కాచినట్టే. అలా కాయకపోతే నాలుగు రోజులకే పులిసిపోదూ? కాచమనేగా రాశావు నువ్వు!"

అలాగే రాశాడు. కాచి చల్లార్చవలెను అని. బట్టీలో ఒక్క పొంగు రానిచ్చి దించేస్తారు. ఆ సంగతి రాయాలని తోచలేదు, ఎందుకంటే ఎవరైనా కాచుకుంటారని తోచలేదు. ఈ కొండల్లో ఎవరు ఏ పాకం పెట్టినా నీళ్ళన్నీ ఇగిరిపోయేదాకా దించరు. నీళ్ళూ బ్రాందీ ఆవిరైపోతాయి, నల్లమందు ఎక్కడికీ పోదు. అక్క ఒక జాడీ పానకం కాయలేదు, ఓ గంగాళం విషాన్ని ఇగరబెట్టి జాడీలో దాచింది.

పాప గొంతులోకి చెంచాతో కాఫీ పోశాడు. సగం పెదాల పక్కనుంచి కారిపోయింది. ఒంటి మీద చల్లనీళ్ళు చల్లాడు. వాకిట్లో చలిగాలిలోకి తీసుకుపోయి అటూ ఇటూ నడిచాడు. మళ్ళీ లోపలికి తెచ్చి రుద్దాడు. ఊపిరి ఆగినట్టు అనిపించినప్పుడల్లా చిన్న నోటి మీద తన నోరు పెట్టి ఊదాడు. ఒకసారి ఫీబీ ముక్కు చిట్లించింది. ఇద్దరూ ఒకేసారి "ఆ!" అన్నారు. మళ్ళీ అలాగే వాలిపోయింది.

"సీసా నేనెప్పుడూ కొనలేదురా," అంది లొవీసా. ఆమె గొంతులో ఏడుపు లేదు, అర్థం కాకపోవడమే ఉంది. "ఊరంతా కొంది, నేను కొనలేదు. నువ్వు వద్దన్నావుగా. పాప గుక్కపట్టి ఏడ్చి నీలంగా మారిపోయినా కొనలేదు. పక్కవాళ్ళు నన్ను రాతిగుండె అన్నారు. ఇది నీ పేరుతో వచ్చింది. మా తమ్ముడే రాశాడు, వాడు రాస్తే ఇంకేం భయమని..."

"అక్కా, నేను రాసింది అది కాదే. అంటే, అదీ నేనే రాశాను, కానీ..."

జీవితంలో ఇన్ని వాక్యాలు రాసినవాడు, పెంచిన అక్క ముందు ఒక్కటి పూర్తి చెయ్యలేకపోయాడు.

లొవీసా ఉన్నట్టుండి నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"సబ్రా!"

"ఎవరు?"

"కిందింటి సబ్రా. కిందటి శీతాకాలం కొండ అవతల్నుంచి వచ్చారు. దానికీ చంటాడే. సగం జాడీ దానికిచ్చాను. నేనే ఇచ్చాను, వద్దంటే బలవంతం చేసి ఇచ్చాను. పొద్దున పాల దగ్గర కనబడింది, వాడికీ ఇప్పుడే పడతానంది..." ఆమె చేతులు చాచింది. "పాపని నాకివ్వు. పో."

"ఇప్పుడు వదిలితే..."

"నువ్వు చేసేదంతా చూశానుగా. అదే నేనూ చేస్తాను. ఊదమంటే ఊదుతాను, నడవమంటే నడుస్తాను. నా బిడ్డరా, నీకన్నా నేను తక్కువ చేస్తానా? పో!"

అతను ఇచ్చాడు. ఇస్తున్నప్పుడు ఫీబీ చెయ్యి అతని చొక్కా గుండీకి తగులుకుంది. విడిపించుకుని సంచీ తీసుకుని పరుగెత్తాడు. వెళ్ళడం న్యాయమే, వెళ్ళకపోవడమూ న్యాయమే. ఏది చేసినా తనని తాను క్షమించుకోలేనని చేను సగం దాటకముందే తెలిసిపోయింది.

సబ్రా టటిల్ చిన్నది, ఇరవై దాటి ఉండదు. మొగుడు కూడా దుంగలు దించడానికే వెళ్ళాడు. ఒళ్ళంతా బురద, టోపీ లేదు, చేతిలో నల్ల సంచీ, ఒకటే ఆయాసం. అలాంటివాడు గుమ్మంలోకొచ్చి "పిల్లాడేడి, పానకం పట్టావా?" అని అరిస్తే ఒంటరి ఆడది ఏం చేస్తుంది? తలుపు సగం మూసి, సందులోంచి చూసింది.

"ఎవరు నువ్వు?"

"డాక్టర్ని. ఆ పానకం విషం. పారబొయ్యి. పిల్లాణ్ణి చూపించు, తల్లీ, ఆలస్యం చెయ్యకు."

"ఓహో." ఆమె కళ్ళు చిన్నవయ్యాయి. "నిన్న ఆ సీసాలమ్మే బండివాడు కూడా ఇదే పాట పాడాడు. ఇంట్లో కాచింది విషం, పారబొయ్యమ్మా, ఒరిజినల్ సీసా కొనుక్కో అని. నువ్వు వాడి మనిషివేగా? సంచీలో సీసాలేనా?"

బాస్కమ్ బండివాడు నిజమే చెప్పాడు. బహుశా పుట్టి బుద్ధెరిగాక అతను చెప్పిన మొదటి నిజం అదే అయివుంటుంది.

"కాదమ్మా. నేను వాళ్ళ మనిషిని కాను, వాళ్ళ పగవాణ్ణి. నేను ఆసా వీలాక్‌ని. లొవీసా తమ్ముణ్ణి."

"ఆహా! నేను గవర్నర్ గారి పెళ్ళాన్ని." ఆమె లోపలికి పోయి పేపర్ తెచ్చి సందులోంచి అతని మొహాన ఊపింది. "ఇదిగో వీలాక్ గారు. ఇక్కడున్నారు, అచ్చులో. పెద్ద చదువులు చదివినాయన. సొంత మేనకోడలికి పట్టమని అక్కకి రాసిచ్చాడు. ఆయన మాట వినాలా, బురదలోంచి లేచొచ్చిన నీ మాట వినాలా? మా ఇంట్లో ఉన్న ఒక్క జాడీ పారబోయించి సీసా అంటగడదామనుకున్నావా? పో, పో. లేకపోతే కుక్కని వదుల్తాను."

"అది రాసింది నేనేనమ్మా! తప్పుగా వేశారు. సగం కోసి వేశారు. నీ కాళ్ళు పట్టుకుంటాను, ఒక్కసారి పిల్లాణ్ణి చూడనివ్వు. ఏడుస్తున్నాడా వాడు? పొద్దుట్నుంచి ఒక్కసారైనా ఏడిచాడా?"

"నువ్విట్టా అరిస్తే ఏడుస్తాడులే!"

తలుపు మూసుకుంది. గడియ పడింది. ఆసా తలుపు బాదాడు, భుజంతో గుద్దాడు. చుట్టూ తిరిగి కిటికీ దగ్గరికి పోతే లోపల్నుంచి సలసల కాగే నీళ్ళ గిన్నె ఎత్తి చూపించింది. "రా, రా, మొహాన పోస్తాను!" ఆమె వెనక మంచం మీద దుప్పటి ముద్ద ఒకటి కనబడింది. అది కదలడం లేదు.

అతను మెట్ల మీద కూలబడ్డాడు. తన మాటకి విలువ తెచ్చుకోవాలని, పేరు చూస్తే జనం నమ్మాలని ఇన్నేళ్ళు రాత్రింబవళ్ళు రాశాడు. నమ్మారు. ఎంతగా నమ్మారంటే ఇక అతను ఎదురుగా నిలబడి మొత్తుకున్నా వినాల్సిన అవసరం లేదు. అతను వెక్కి వెక్కి ఏడుస్తూ లేచి, గొడ్డలి ఏమైనా దొరుకుతుందేమోనని కట్టెల పాక వైపు పోయాడు. పాక దగ్గర్నుంచి చూస్తే అక్క వస్తోంది.

చేనుకి అడ్డంగా వస్తోంది. శాలువా లేదు, మోకాళ్ళ దాకా బురద. చేతుల్లో ఉన్నిదుప్పట్లో చుట్టిన పాప. పరుగెత్తడం లేదు, నడుస్తోంది. పాప బతికి ఉంటే ఆమె నడవదు. ఆసాకి అది దూరం నుంచే తెలిసింది, అయినా ఎదురు పరుగెత్తాడు.

"అక్కా..."

లొవీసా అతని వైపు చూడలేదు. పక్కనుంచి దాటుకుపోయి తలుపు మీద అరచేత్తో కొట్టింది.

"సబ్రా, నేను. తలుపు తీ."

గడియ తీసిన చప్పుడైంది. "అక్కా, మంచి వేళకొచ్చావు! చూడు, ఎవడో దొంగవెధవ మీ తమ్ముడి పేరు చెప్పుకుని..."

లొవీసా దుప్పటి తొలగించింది. "పట్టుకో."

సబ్రా అలవాటుగా చేతులు చాచి అందుకుంది. అందుకున్నాక ఆమె మొహంలో రంగు మారింది.

"చల్లగా ఉంది కదూ," అంది లొవీసా. "పొద్దున ఇద్దరం ఒకే పానకం పట్టాం. మీవాణ్ణి లేపు."

సబ్రా పెట్టిన కేక ఎవరూ వినకూడదు. ఫీబీని తల్లి చేతుల్లో పెట్టేసి మంచం మీదకి దూకింది. ఆసా ఆమెను దాటుకుని పిల్లాణ్ణి అందుకున్నాడు. వీడూ నీలంగానే ఉన్నాడు. కానీ దవడ మీద, దుప్పటి మీద, నల్లగా ఎండిన జిగురు ఉంది. పట్టిందాంట్లో చాలావరకు ఉమ్మేశాడు. కంటిపాప చిన్నదే, ఫీబీది ఉన్నంత చిన్నది కాదు. ఆవపొడి నీళ్ళలో కలిపి పట్టాడు, కక్కించాడు. పాదాలు చరిచాడు, చల్లనీళ్ళు చల్లాడు, ఊదాడు. సబ్రా చెప్పింది చెప్పినట్టు చేసింది. లొవీసా మూలనున్న ముక్కాలిపీట మీద ఫీబీని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కాఫీ కాగిందని ఆమే చూసి చెప్పింది, కూర్చున్నచోటి నుంచే.

చాలాసేపటికి పిల్లాడు మొహం ముడిచాడు. చేతులు గాలిలో కొట్టుకున్నాడు. తరవాత గొంతు చించుకుని ఏడ్చాడు. సబ్రా వాణ్ణి లాక్కుని భుజం మీద వేసుకుని, వీపు తడుతూ "ఊరుకో నాన్నా, ఊరుకో, ఊరుకో" అంది.

"ఊరుకోబెట్టకే," అంది లొవీసా. "ఏడవనీ."

వాడు ఏడుస్తూనే ఉన్నాడు. ఆ ఏడుపు మీదే సబ్రా కూడా ఏడ్చింది. ఏడుస్తూ వచ్చి ఆసా చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది.

"తప్పైపోయింది బాబూ. కుక్కని వదుల్తానన్నాను, నోటికొచ్చినట్టు తిట్టాను. బండివాడి మనుషులైతేనేం, మీరు నిజమే చెప్పారు. నేనే వినలేదు. ఇక చచ్చినా ఇంట్లో కాయను. ఆ అచ్చులో రాతలు నమ్మను. ఏ సీసా అయితే ఉందో ఆ సీసాయే కొనుక్కుంటాను, మీ దగ్గరే కొంటాను."

ఆసా మాట్లాడబోయాడు. ఆ సీసా కూడా వద్దని చెప్పాలి. ఎందుకు వద్దో చెప్పాలి. చెప్పాలంటే ముందు తానెవరో చెప్పాలి. ఈసారి చెబితే ఆమె నమ్ముతుంది.

లొవీసా ఫీబీ మొహం మీద దుప్పటి సరిచేసింది. ఇందాకట్నుంచి ఒక్కసారి కూడా తమ్ముడి వైపు చూడనిది ఇప్పుడు తలెత్తి చూసింది.

"బండివాడి మనిషి కాదే అతను," అంది. "మా తమ్ముడు. పేపర్లో ఉన్న పేరు వీడిదే."

సబ్రా అతని చెయ్యి వదిలేసింది. ఏడుస్తున్న కొడుకుని గట్టిగా కరుచుకుని, లొవీసా పక్కకి వెళ్ళి నిలబడింది.